నీళ్లు పోస్తే మంట ఎక్కువవుతుందేంటి? సుగంధ తైలాల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే గోల. రోజ్‌మేరీ, టీ ట్రీ, నీలగిరి, లవంగం అంటూ ఎవరికి వాళ్లు చిన్న చిన్న సీసాలు తెప్పించుకోవడం, ఒంటి మీద పోసుకోవడం, తర్వాత కంగారు పడటం. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ సంచికలో వీటికే జవాబులు రాస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ముమ్మిడివరం దగ్గర. రీల్స్‌లో చూసి జుట్టు పెరుగుతుందని రోజ్‌మేరీ ఎసెన్షియల్ ఆయిల్ తెప్పించుకున్నా. కొబ్బరినూనెలో కలుపుకోమని సీసా మీద ఉందంట, నేను చూడకుండా డైరెక్ట్‌గా పాపిట్లో పోసేసుకున్నా. కాసేపటికే మంట మొదలైంది, చెంబుతో నీళ్లు కుమ్మరించుకుంటే అది మెడ మీదకీ వీపు మీదకీ కూడా పాకింది. మా నాన్నమ్మ కొబ్బరినూనె పెట్టవే అంటది, తమ్ముడు టూత్‌పేస్ట్ అంటాడు, అమ్మ పసుపు డబ్బా పట్టుకొచ్చింది. నూనె వల్ల వచ్చిన మంటకి మళ్ళీ నూనె ఏంటండీ? అసలెవరి మాట వినాలి?

జవాబు: మీ నాన్నమ్మగారి మాట వినాల్సిందమ్మా, కాకపోతే ఆవిడ చెప్పింది సగం పనే, మిగతా సగం సబ్బుది. ఈ తైలాలు నీళ్లలో కలవవు, కాబట్టి నీళ్లు పోయగానే కరిగిపోవు సరికదా నీటితోపాటు జారి ఇంకో చోటికి పాకుతాయి, మీ మెడకీ వీపుకీ జరిగింది అదే. ఆవకాయ రోజుల్లో మామిడికాయ సొన చేతికంటితే మనమేం చేస్తాం, ముందు గుడ్డతో తుడిచి, నూనె రాసి, అప్పుడు సబ్బు పెడతాం కదా, ఉత్త నీళ్లతో కడిగితే జిగురు అలాగే ఉండి, ఆ చెయ్యి తగిలిన మూతి పక్కన పొక్కుతుంది. ఇదీ అలాంటి వ్యవహారమే, ఎందుకంటే ఆ సొనలో కూడా ఈ సీసాల్లో ఉండే రకం ఘాటు పదార్థాలే కొన్ని ఉంటాయి.

వరస ఇలా పెట్టుకోండి. ముందు తడిసిన బట్ట విప్పేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు, జాకెట్టుకో బనీనుకో పీల్చుకున్న నూనె చర్మానికి అంటుకుని లోపల కాలుస్తూనే ఉంటుంది. తర్వాత పొడి టిష్యూతోనో పాత నూలు గుడ్డతోనో అద్దండి, రుద్దొద్దు, రుద్దితే చర్మంలోకి ఇంకా ఎక్కుతుంది. అప్పుడు కొబ్బరినూనె ధారాళంగా రాయండి, మన వైపు అంబాజీపేట కొబ్బరినూనె లేని ఇల్లు ఉంటుందా, అది లేకపోతే నువ్వులనూనె, అదీ లేకపోతే వంటకి వాడే సన్‌ఫ్లవర్ ఆయిల్ అయినా పర్లేదు. ఇది మంటకి మందని కాదండోయ్, ఘాటు తైలాన్ని తనలో కలుపుకుని పల్చన చేస్తుంది, అంతే దాని పని. అందుకే రాసి వదిలేయకూడదు, ఒకటి రెండు నిమిషాల్లో మళ్ళీ తుడిచేసి సబ్బు పెట్టాలి, వదిలేస్తే పల్చన చేసిన తైలం ఒంటి మీదే కూర్చుని ఉంటుంది. సబ్బు పెట్టాక పది పదిహేను నిమిషాల పాటు నీళ్లు పారనివ్వాలి. ఇంట్లో నూనె చేతికి అందకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి, అసలు పని చేసేది సబ్బూ నీళ్లే, నూనె దానికి ముందు మెట్టు మాత్రమే. ఇప్పటికే పొక్కిపోయినా తోలు ఊడినా నూనె జోలికి పోకుండా చల్లటి నీళ్లు ధారగా పోసుకుంటూ మెత్తటి సబ్బుతో ఊరికే తాకించి కడిగేయండి.

నీళ్ల గురించి రెండు మాటలు చెప్పాలి. సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటిల్లో సబ్బు నురగ రాదు, తెల్లగా విరిగిపోయి జిడ్డు అలాగే ఉంటుంది. అలాంటి చోట షాంపూ వాడండి, ఒంటికైనా సరే, ఉప్పు నీళ్లలో సబ్బు కంటే అది బాగా పని చేస్తుంది. రెండోది, మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లు కాగి ఉంటాయి కదా, అవి వద్దు, వేడి తగిలితే చర్మం ఎర్రబడి మంట రెట్టింపవుతుంది. అలాగని ఐసు ముక్క పెట్టమనీ కాదు, మామూలు చల్లటి నీళ్లు చాలు.

తలకయితే ఇంకో జాగ్రత్త ఉంది. ముందుకు వంగి కడిగితే మొత్తం కళ్లలోకి కారుతుంది, కాబట్టి తల వెనక్కి వాల్చి ఎవరైనా పక్కన నిలబడి పోయాలి. కొబ్బరినూనె పాపిట్లో పట్టించి, టిష్యూతో అద్ది, అప్పుడు షాంపూ రెండుసార్లు పెట్టుకోండి. టూత్‌పేస్ట్, పసుపు రెండూ వద్దు. టూత్‌పేస్ట్‌లో కూడా పుదీనా నూనె గట్రా ఉంటాయి, మండే చోట మళ్ళీ మంట పెట్టడమే. పసుపు రాస్తే చర్మం ఎంత ఎర్రగా ఉందో డాక్టరుగారికి కనపడదు. కడిగాక కూడా గంట దాటి మంట తగ్గకపోయినా, బొబ్బలు లేచినా, మొహం మీద పడినా, అరచేతి కంటే పెద్ద మేర కాలినట్టున్నా స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పెదాలు వాయడం, ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు వస్తే మాత్రం 108కి ఫోన్ చేయడమే, ఆలోచించొద్దు.

ఇక రోజ్‌మేరీ గురించి. జుట్టుకి పనికొస్తుందని రీల్స్‌లో అందరూ చూపించేది 2015లో వచ్చిన ఒక ఇరాన్ పరిశోధన, వంద మంది మీద ఆరు నెలలు, జుట్టు రాలేవాళ్లకి డాక్టర్లిచ్చే మినాక్సిడిల్ అనే మందుతో (2 శాతం) పోల్చి చేసింది. అందులో వాడింది కూడా పల్చన చేసిన లోషనే కానీ సీసాలోంచి నేరుగా పోసుకున్నది కాదు, ఆ ముక్క మాత్రం రీల్స్‌లో ఎవరూ చెప్పరు. మళ్ళీ వాడాలనుంటే పూర్తిగా తగ్గాక, 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకి ఆరు చుక్కలు, అంటే దాదాపు ఒక శాతం, పన్నెండు చుక్కలు దాటొద్దు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూసుకోండి. నన్నడిగితే ఒకసారి అంత మండిన తలకి మళ్ళీ అదే పెట్టాల్సిన అవసరం ఏముందని అంటాను, మీ ఇష్టం.

ప్రశ్న: అండీ, నేను భీమవరం దగ్గర చేపల చెరువు మీద కాపలా ఉంటాను. దోమలకని నిమ్మగడ్డి నూనె చేతులకి రాసుకుని నిద్రమత్తులో ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాను. నిప్పుకణిక పెట్టినట్టయింది. పక్క చెరువాయన ఆముదం చుక్క వేసుకోమన్నాడు, ఇంటికి ఫోన్ చేస్తే చనుబాలు వేస్తే చల్లారిపోద్దన్నారు. ఒంటికి నూనె రాయొచ్చంటారు కదా, మరి కంటికి?

జవాబు: కంటికి వద్దండి. ఆముదం వద్దు, చనుబాలు వద్దు, ఆవుపాలు వద్దు, రోజ్‌వాటర్ వద్దు, మెడికల్ షాపు వాళ్లిచ్చే ఎర్రకళ్ల చుక్కలు అసలే వద్దు. చర్మానికి చెప్పిన వరస కంటికి పనికిరాదు, కంటికి నీళ్లే, ఉత్త శుభ్రమైన నీళ్లే. పాలలోనూ ఆముదంలోనూ ఏ క్రిములున్నాయో మనకి తెలీదు, మంటకి తోడు ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నట్టవుతుంది. చెరువు గట్టు మీద ఉన్నారు కాబట్టి చెప్తున్నా, చెరువు నీళ్లు చేత్తో తీసుకుని కంట్లో కొట్టుకోకండి, కాలవ నీళ్లు కూడా వద్దు. తాగడానికి తెచ్చుకున్న టిన్ను నీళ్లు వాడేయండి, తాగే నీళ్లు అయిపోతాయే అని చూసుకోవద్దు.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, లేకపోతే అదే నూనె మళ్ళీ మళ్ళీ కంట్లోకి వెళ్తూ ఉంటుంది. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయండి. తల పక్కకి వంచి, దెబ్బ తిన్న కన్ను కిందవైపు ఉండేలా పెట్టుకుని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి నీళ్లు మెల్లగా పారేట్టు పోసుకోండి, అప్పుడు రెండో కంట్లోకి పోదు. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకోవాలి, కళ్లు మూసుకుని పోసుకుంటే మొహం కడుక్కున్నట్టే అవుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు. చాలాసేపే అనిపిస్తుంది, ఫోన్‌లో టైమ్ పెట్టుకోండి. ఆ తర్వాత కూడా చూపు మసకగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, కంట్లో ఇసక పడినట్టే ఉన్నా అదే రోజు కంటి డాక్టరుగారికి చూపించుకోవాలి, తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు.

అన్నట్టు దోమలకి ఈ గడ్డి నూనెల పని గంట రెండు గంటలు కూడా నిలబడదు, ఆవిరైపోతుంది. రాత్రంతా చెరువు మీద ఉండేవాళ్లకి దోమతెర, పొడుగు చేతుల చొక్కా, డీట్ అనే దోమల మందు ఉన్న క్రీము, ఇవే నయం.

ప్రశ్న: మేము మోరి దగ్గర జీడిపప్పు ఒలిచే పని చేస్తామండి. జీడి సొన చేతులకంటితే తోలు నల్లబడి పొరలు పొరలుగా లేచిపోతుంది. కొందరు కిరసనాయిలుతో కడుక్కుంటారు. ఇదీ ఆ సుగంధ తైలాల్లాంటిదేనా, దీనికి కూడా అదే చేయొచ్చా?

జవాబు: ఇది వాటి జాతి కాదమ్మా, కానీ వాటికంటే మొండిది. సుగంధ తైలాలు కాసేపటికి గాల్లో కలిసిపోతాయి, జీడి సొన ఆవిరి కాదు, ఎక్కడంటితే అక్కడే కూర్చుంటుంది, కత్తి పిడి మీద, చీర కొంగు మీద, సైకిల్ హ్యాండిల్ మీద. అందుకే పని చేయని పిల్లలకి కూడా పొక్కుతుంది, అమ్మ కొంగు పట్టుకుంటే చాలు. అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనేవి ఉంటాయి, అవే కాల్చేవి. మామిడి, జీడిమామిడి, బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి అన్నీ ఒకే కుటుంబం చెట్లు, మామిడి తొక్క తగిలితే మూతి వాచేవాళ్లకి ఇది మరీ పడదు.

వరస అదే, అంటగానే గుడ్డతో తుడవడం, ఆముదమో కొబ్బరినూనో రాయడం, మళ్ళీ తుడవడం, సబ్బు. గోళ్ల సందుల్లో, ఉంగరం కింద, గాజుల కింద చూసుకోండి, అక్కడే మిగిలిపోతుంది. ఒక్కసారి సబ్బు పెట్టి అయిపోయిందనుకోవద్దు, రెండు మూడు సార్లు పెట్టాలి. కిరసనాయిలు మాత్రం మానేయించండి, అది సొనని కరిగించే మాట నిజమే కానీ చర్మంలో సహజంగా ఉండే జిడ్డుని కూడా లాగేసి పగుళ్లు తెస్తుంది, ఆ పగుళ్లలోంచి మర్నాడు సొన ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది. థిన్నర్, పెట్రోలు కూడా అంతే.

అంటకముందు చేసే పని అంటిన తర్వాత చేసేదానికంటే మేలు. పనిలో కూర్చునే ముందే చేతులకి ఆముదం పట్టించుకోవడం మీ దగ్గర పాతవాళ్లకి తెలిసిన పద్ధతే, మంచిదే, దాని పైన గ్లవుజులు కూడా వేసుకుంటే ఇంకా మంచిది, చిరిగితే వెంటనే మార్చాలి. గ్లవుజులు కొనిపెట్టాల్సింది పని చేయించేవాళ్లండి, మీ కూలి డబ్బుల్లోంచి కాదు, ఈ మాట గట్టిగా అడగండి. పొక్కులు అప్పటికప్పుడు రాకపోయినా ఒకటి రెండు రోజులకి రావచ్చు. వస్తే చిదమకండి, పని ఆపి డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: రెండు వారాల్లో మా అక్క పెళ్లి. మొహం తేటగా ఉంటుందని నిమ్మ నూనె రాసుకుని అమలాపురం షాపింగ్‌కి స్కూటీ మీద తిరిగొచ్చా, వచ్చి శుభ్రంగా కడిగేశా కూడా. రెండు రోజులకి బుగ్గల మీద ఎర్రగా లేచి ఇప్పుడు గోధుమరంగు చారలు పడ్డాయి. కడిగేసినా ఎందుకిలా అయింది? పెళ్లి లోపు పోతాయా?

జవాబు: కడగటం ఆలస్యమైంది తల్లీ, ఎండ దాని పని అప్పటికే చేసేసింది. తొక్క నుంచి పిండి తీసిన నిమ్మ నూనెలోనూ, నిమ్మజాతిదే అయిన బెర్గమోట్ నూనెలోనూ ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి, చీకట్లో అవి ఏమీ చేయవు, ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు తగిలితే చర్మాన్ని కాల్చేస్తాయి. మామూలు నిమ్మకాయ రసం రుద్దుకుని ఎండలోకి వెళ్లినా ఇదే గొడవ. ఆవిరి పట్టి తీసిన నిమ్మ నూనెకి ఈ బాధ చాలా తక్కువ, కానీ సీసా మీద ఏ పద్ధతిలో తీశారో ఎంతమంది రాస్తున్నారు చెప్పండి. ఇలాంటి నూనె పొరపాటున అంటితే సబ్బుతో కడిగేసినా సరే, ఆ రోజంతా ఆ చోటుకి ఎండ తగలకుండా బట్ట కప్పుకోవాలి, కొంత చర్మంలోకి ఇంకే ఉంటుంది కాబట్టి.

రెండు వారాల్లో పోతాయని అబద్ధం చెప్పను. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పట్టొచ్చు, పోవడం మాత్రం పోతాయి. ఈలోగా స్క్రబ్బులు, బ్లీచు, మళ్ళీ నిమ్మకాయ, పార్లర్ వాళ్లు చెప్పే పీలింగులు పెట్టారంటే ఉన్న మచ్చ ఇంకా ముదురుతుంది. రోజూ సన్‌స్క్రీన్, స్కూటీ మీద మొహానికి చున్నీ, అంతే. పెళ్లిరోజుకి మేకప్ ఆవిడకి ముందే చెప్పి పెట్టుకుంటే ఫొటోల్లో కనపడకుండా చూసుకుంటుంది.

ప్రశ్న: మా మనవడికి తొమ్మిదో నెల. జలుబు చేస్తే కొబ్బరినూనెలో హారతి కర్పూరం వేసి వెచ్చబెట్టి ఛాతీకి రాస్తాం, నీలగిరి తైలం చుక్క ముక్కు దగ్గర పెడతాం, మా పిల్లలందరినీ అలాగే పెంచాం. కోడలు ఒద్దని గొడవ చేస్తోంది. పాలకొల్లు నుంచి.

జవాబు: ఆయ్, కోడలి మాటే వినండి. కర్పూరం రెండేళ్ల లోపు పిల్లలకి అసలు వాడకూడదు, అది చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది, మోతాదు ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. నీలగిరి, పుదీనా ఘాటు ముక్కు దగ్గర పెడితే పసివాళ్లకి ఊపిరి బిగపట్టేసే ప్రమాదం ఉంది. ఇప్పటికే రాసేసి ఉంటే చొక్కా విప్పి, పొడి గుడ్డతో తుడిచి, బేబీ సోపుతో గోరువెచ్చటి నీళ్లతో కడిగేయండి, ఎలాగూ కొబ్బరినూనెలోనే కలిపారు కాబట్టి మళ్ళీ నూనె రాయక్కర్లేదు. కడిగాక పిల్లాడి గుప్పెళ్లు కూడా తుడవండి, నోట్లో పెట్టుకునేది అవేగా. మీ పిల్లలకేం కాలేదన్నారు, సంతోషం, కానీ ఏమీ కాని పిల్లల తల్లులే ఆ మాట చెప్పగలుగుతారు.

ఒకవేళ పిల్లాడు కర్పూరం బిళ్ల కొరికినా, ఆ సీసా నోట్లో పెట్టుకున్నా వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు తాగించకండి, గొంతులో వేలు పెట్టకండి, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ముప్పు. బాగానే ఆడుకుంటున్నాడు కదా అని కూడా ఆగొద్దు, కర్పూరంతో ఫిట్స్ నిమిషాల్లోనే మొదలవచ్చు. సీసా చేత్తో పట్టుకుని 108లో ఆసుపత్రికి వెళ్లిపోండి. దారిలో ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రానికి ఫోన్ చేయొచ్చు, 1800 116 117, టోల్ ఫ్రీ. కీళ్ల నొప్పుల తైలాల సీసాలు కూడా పైన అరలో పెట్టండి. వాటిల్లో కలిపే వింటర్‌గ్రీన్ నూనె అసలుది ఒక్క టీస్పూనులో, పెద్దవాళ్లు వేసుకునే ఆస్పిరిన్ మాత్రలు (325 మిల్లీగ్రాములవి) ఇరవైకి పైగా మింగినంత మందు ఉంటుంది. అలాంటి బాములు రాసుకున్న చోట మీరు వేడినీళ్ల బ్యాగు కూడా పెట్టుకోవద్దు, బొబ్బలెక్కుతాయి.

ప్రశ్న: పన్ను నొప్పికి లవంగ నూనె వాడుతుంటే సీసా ఒలికి చేతి మీద పడింది. కడిగాను, మంట లేదు, కానీ రెండు రోజులైనా వాసన పోవట్లేదు. నూనె ఇంకా ఉన్నట్టా? తుడిచిన గుడ్డలు ఏం చేయాలి?

జవాబు: వాసన ఉన్నంత మాత్రాన నూనె ఉన్నట్టు కాదండి, ముక్కుకి చాలా కొంచెం చాలు. చేయి జిడ్డుగా లేకపోతే పోయినట్టే, పీచు పెట్టి రుద్దుకోకండి. కాకపోతే లవంగ నూనెలోని యూజినాల్ తిమ్మిరెక్కిస్తుంది, అందుకే మంట తెలియదు, కాబట్టి మంట లేదని వదిలేయకుండా చర్మం ఎర్రబడిందేమో కళ్లతో చూసుకోవాలి. చిగురు మీద కూడా అదే పనిగా దూది పెట్టుకుంటున్నారేమో, అక్కడా కాలుతుంది, పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తుడిచిన గుడ్డలు, టిష్యూలు పొయ్యి దగ్గర పడేయొద్దు, ఈ నూనెలు తేలిగ్గా అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, కవర్లో కట్టి, బయట చెత్తబుట్టలో వేయండి. బట్టలైతే విడిగా రెండుసార్లు ఉతికాకే మిగతావాటితో కలపండి.